హేమకుండ్‌కు వెళ్లేవాళ్లు తిరుగు టికెట్ చివర కొనండి

హేమకుండ్ సాహిబ్ యాత్ర అనుకోగానే మా నాందేడ్‌లో అందరూ మొదట చేసే పని రైలు టికెట్లు కొనడం. పోయేదీ, వచ్చేదీ ఒకేసారి కొనేస్తారు. ఆ రెండు తేదీల మధ్య మిగిలిన యాత్రంతా ఇరికిస్తారు. 15,000 అడుగులకు దగ్గరగా ఉన్న చోటికి వెళ్లడానికి ఇది పద్ధతి కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ముందు మన ఒంటికి ఎన్ని రోజులు కావాలో లెక్క కట్టాలి. తర్వాత వానకూ విరిగిపడే కొండచరియలకూ రెండు రోజులు వదిలిపెట్టాలి. తిరుగు టికెట్ అన్నిటికన్నా చివర కొనాలి.

నాకీ సంగతి ఎందుకు పట్టిందంటే, నాందేడ్ వజీరాబాద్‌లో మాది మందుల దుకాణం. ఏప్రిల్ నెల వచ్చిందంటే యాత్రకు పోయేవాళ్లు ఒక్కొక్కరే కౌంటర్ దగ్గరికి వస్తారు. మా పద్మశాలీ ఇళ్ల వాళ్లు, దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు, వాళ్ల పక్కిళ్ల సర్దార్‌జీలు. "అక్కా, ఎత్తు మీదికి పోతే ఏస్కునే గోలీలు ఇయ్యిరి" అని అడుగుతారు. ఎన్నడు పోతున్నారంటే ఫోన్ తీసి టికెట్ చూపిస్తారు. ఏ రోజు ఎక్కేదీ, ఏ రోజు దిగేదీ, బెర్తు నంబర్లతో సహా చెబుతారు. హేమకుండ్ ఎక్కేముందు ఘాంఘ్రియా ఊళ్లో ఎన్ని రాత్రులుంటారని అడిగితే మాత్రం "అది ఆడికి పోయినంక చూస్కుంటం" అంటారు. ప్రాణానికి సంబంధించిన ప్రశ్నకు జవాబు లేదు. బెర్తు నంబరుకు ఉంది.

ఈ ఊరికీ ఆ కొండకూ ఉన్న బంధం చిన్నది కాదు. గురు గోబింద్ సింగ్ జీ 1708 అక్టోబరులో గోదావరి ఒడ్డున మా ఊళ్లోనే తనువు చాలించారు. పూర్వజన్మలో ఆయన ఏడు శిఖరాల నడుమ హేమకుంట పర్వతం మీద తపస్సు చేశారని 'బచిత్తర్ నాటక్' అనే రచన చెబుతుంది. ఆ చోటు ఉత్తరాఖండ్‌లోని హేమకుండ్ సరస్సేనని 1930లలో సంత్ సోహన్ సింగ్ గుర్తించారు. హవల్దార్ మోదన్ సింగ్ తోడై అక్కడ చిన్న గురుద్వారా నిలిపారు. ఆ తపస్సు చోటునూ ఈ చివరి మజిలీనీ రెండింటినీ చూడాలన్న కోరిక నాందేడ్ సిక్కు కుటుంబాల్లో తరతరాలుగా ఉంది. అదే సరస్సు ఒడ్డున లక్ష్మణుడి గుడి ఉంది. లక్ష్మణుడు అక్కడ తపస్సు చేశాడని ఆ కొండవాళ్ల నమ్మకం. అక్కడి నుంచి బదరీనాథ్ కూడా దగ్గరే. అందుకే మన తెలుగు కుటుంబాలకు కూడా ఆ దారి పరాయిది కాదు. పొద్దున సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దారిలో స్టేషన్లలో సేవాదారులు పెట్టే లంగర్ ప్రసాదం తింటూ మర్నాటికి ఢిల్లీ చేరతాం. ఇంత సులువుగా మొదలయ్యే ప్రయాణం కాబట్టే, తర్వాతిదంతా ఇంతే సులువనుకుంటాం.

సాధారణంగా మా ఊరి బృందాలు వేసుకునే వరస ఇలా ఉంటుంది. ఢిల్లీలో దిగిన రాత్రే బస్సెక్కి తెల్లారేసరికి రిషీకేశ్. అక్కడి నుంచి జీపులో 250 కిలోమీటర్లకు పైగా కొండదారి పట్టి, దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ దాటుకుంటూ చీకటి పడేలోపు జోషీమఠ్ గానీ గోవింద్‌ఘాట్ గానీ చేరడం. మర్నాడు పుల్నా దాకా జీపు, అక్కడి నుంచి 10 కిలోమీటర్లు నడిచి ఘాంఘ్రియా. ఆ మర్నాడు తెల్లవారుజామున లేచి 6 కిలోమీటర్ల నిట్టనిలువు దారిలో హేమకుండ్ ఎక్కి, సరస్సులో మునిగి, అరదాస్ ప్రార్థన చేసి, వేడి ఖిచిడీ ప్రసాదం తిని, ఆ రోజే గోవింద్‌ఘాట్ దాకా దిగిపోవడం. తర్వాత బదరీనాథ్‌కు ఒక పూట. ఆ వెంటనే రైలుకు పరుగు.

ఇప్పుడు ఎత్తుల లెక్క చూడండి. నాందేడ్ సముద్రమట్టానికి దాదాపు 1,200 అడుగుల ఎత్తున ఉంది. రిషీకేశ్ కూడా దాదాపు అంతే. గోవింద్‌ఘాట్ 6,000. ఘాంఘ్రియా 10,000. హేమకుండ్ ఎత్తు కొలిచినవాళ్లను బట్టి 14,200 నుంచి 15,200 దాకా చెబుతారు. అంటే మూడో రోజు పొద్దున 1,200 అడుగుల మీద టీ తాగిన మనిషి అయిదో రోజు మధ్యాహ్నానికి పదమూడు వేల అడుగులకు పైగా ఎగబాకుతున్నాడు. మన మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తయిన కల్సుబాయి శిఖరమే 5,400 అడుగులు. దాని కొసకన్నా గోవింద్‌ఘాట్ వీధే ఎత్తున ఉంది. మనం పుట్టి పెరిగిన నేల మన ఒంటికి ఈ సంగతి ఎన్నడూ నేర్పలేదు.

8,000 అడుగులు దాటాక గాలి పల్చబడే కొద్దీ శరీరం మెల్లగా సర్దుకుంటుంది. శ్వాస పెరుగుతుంది, మూత్రం ఎక్కువవుతుంది, రక్తం మారుతుంది. దీనికి రోజులు పడతాయి. హేమకుండ్ దగ్గర మన ఊపిరికి అందే ప్రాణవాయువు మైదానంలో అందే దానికన్నా మూడో వంతుకు పైగా తక్కువ. అందుకే 10,000 అడుగులు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 1,000, మహా అయితే 1,500 అడుగులకు మించి పెంచొద్దని వైద్యులు చెబుతారు. తలనొప్పి, వాంతి, తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. అక్కడ ఆగితే చాలావరకు ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. ఆగకుండా పైకి పోతే ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరుతుంది. అప్పుడు కిందికి దించడం ఒక్కటే నమ్మదగ్గ వైద్యం. ఈ జబ్బు వయసులో ఉన్నవాళ్లనూ కండబలం ఉన్నవాళ్లనూ వదలదు. జిమ్‌కు పోయే కుర్రాడికి వచ్చి, పక్కనున్న ముసలమ్మకు రాకపోవచ్చు.

ఇక గోలీల సంగతి. జనం అడిగేది ఎసిటజోలమైడ్, డయామాక్స్ పేరుతో అందరికీ తెలిసింది. కంటి లోపలి ఒత్తిడికి వాడే ఈ మందు ఎత్తుకు శరీరం త్వరగా అలవాటుపడటానికి కూడా సాయపడుతుంది. డాక్టరు చీటీ లేకుండా నేనివ్వను. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు ముందు డాక్టరుకు చెప్పాలి. వేలికొసలు తిమ్మిర్లెక్కుతాయి, మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వస్తుంది. ఎక్కడానికి ముందురోజే మొదలుపెట్టాలి. ఇవన్నీ చెప్పాక కూడా ఒక మాట మళ్లీ మళ్లీ చెబుతాను. ఈ గోలీ రోజులకు బదులు కాదు. తలనొప్పికి నొప్పి గోలీ మింగి పైకెక్కేవాళ్లు ఇంకా ప్రమాదంలో ఉంటారు, ఎందుకంటే శరీరం పెట్టే మొదటి కేకను వాళ్లే నొక్కేస్తున్నారు.

షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్‌ను సామాన్ల సంచిలో పెట్టి గుర్రం మీదో కంచరగాడిద మీదో పంపుతారు. అది చలికి గడ్డకట్టిందంటే మళ్లీ కరిగినా పనికిరాదు. చొక్కా లోపల, ఒంటికి ఆనుకుని ఉండేలా చిన్న సంచిలో పెట్టుకోవాలి. బీపీ గోలీలు లెక్కపెట్టి యాత్ర రోజులకు సరిపడా మాత్రమే తీసుకెళ్తారు. దారి మూసుకుపోతే ఆగిపోయిన రోజులకు గోలీలెక్కడివి? జోషీమఠ్ దాటాక మన డాక్టరు రాసిన కంపెనీ మందే దొరుకుతుందన్న హామీ లేదు. వారం రోజుల మందులు ఎక్కువ తీసుకెళ్లమని అందరికీ చెబుతాను. సగం మంది ఒప్పుకుంటారు.

మా వీధి వాళ్లతో నేను కూడా ఆ కొండకు వెళ్లాను. ఘాంఘ్రియాలో రాత్రి దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం. మా బృందంలో బిలోలి వైపు నుంచి వచ్చిన ఒక వదినె ఉంది. సాయంత్రం అన్నం ముట్టలేదు, అలసట అంది. రాత్రి రెండుసార్లు బయటికి వెళ్లివచ్చింది, బాత్రూమ్‌కనుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి అందరూ బూట్లు వేసుకుంటున్నారు. ఆమె లేసులు కట్టుకోలేక చేతులతో వెతుక్కుంటోంది. దగ్గరికెళ్లి చూస్తే ముఖం ఉబ్బింది, మాట మెల్లగా వస్తోంది. ఆమెను లేపి గది బయట రాతి పలకల అంచు వెంట ఒక పాదం మడమ ముందు ఇంకో పాదం పెట్టి నడవమన్నాను. రెండో అడుగులోనే గోడకు ఒరిగింది. తాగినవాళ్లు తూలినట్టు నడక తూలడం మెదడు మీద ఎత్తు పనిచేస్తోందనడానికి గుర్తు. ఇక ఆలోచించడానికేమీ లేదు.

"రాత్రే ఎందుకు చెప్పలేదు వదినె?" అన్నాను. "నా ఒక్కదాని కోసం అందరి రైలు పోతది గద" అంది.

ఆ మాట నేను మరిచిపోలేను. ఆమెకు తలనొప్పి తెలుసు, వాంతులు తెలుసు, చెప్పకూడదనీ నిశ్చయించుకుంది. చెబితే నష్టం ఏమిటో ఆమెకు బెర్తు నంబర్లతో సహా తెలుసు. చెప్పకపోతే జరిగే నష్టం ఆమెకు ఎవరూ చెప్పలేదు. వీపు మీద బుట్టలో మనుషుల్ని మోసే కండీ మనిషిని పిలిచి, నేనూ ఆమె భర్తా ఇరుపక్కలా నడుస్తూ పుల్నాకు దించాం. దిగుతున్న కొద్దీ ఆమె కళ్లు తేటపడ్డాయి. పుల్నా చేరేసరికి టీ అడిగింది. గోవింద్‌ఘాట్‌లో డాక్టరుకు చూపించి రెండు రాత్రులు ఆగాం. మా ముగ్గురి తిరుగు టికెట్లు పోయాయి, వేరే బండిలో వచ్చాం. టికెట్ల డబ్బు గురించి ఆమె భర్త ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు.

ఇది ఒక మనిషి అమాయకత్వం అనుకుంటే పొరపాటు. బృందంగా వేసిన ప్రణాళికే ఆమె నోరు మూయించింది. ఖాళీ రోజు ఒక్కటి ఉన్నా ఆమె రాత్రే చెప్పేది. జబ్బు దాచడం, వానలో నడవడం, చీకట్లో దిగడం, డ్రైవరును తొందరపెట్టడం, వీటన్నిటి వెనకా ఒకటే ఉంటుంది. చేజారిపోయే తిరుగు రైలు.

వాన సంగతి ఇంకా తీవ్రమైంది. ఉత్తరాఖండ్‌లో జూన్ చివర్నుంచి సెప్టెంబర్ సగం దాకా వానలు. బదరీనాథ్ రహదారి మీద శ్రీనగర్ దాటాక సిరోబగడ్, జోషీమఠ్ ముందు పాగల్ నాలా, గోవింద్‌ఘాట్ దాటాక లామ్‌బగడ్, ఈ చోట్ల కొండచరియలు జారి దారి మూసుకుపోవడం ఆ ప్రాంతం వాళ్లకు మామూలు విషయం. కొన్ని గంటల్లో తెరుచుకోవచ్చు, రెండు రోజులూ పట్టొచ్చు. రాత్రిళ్లు ఆ ఘాట్ దారిలో యాత్రికుల బళ్లను తిరగనివ్వరు. ఇవన్నీ ముందుగా తెలిసిన సంగతులే. తెలిసీ వాటికి ఒక్క రోజు కూడా కేటాయించకుండా వెళ్లడం, తర్వాత దారి మూసుకుంటే ఎవరినో తిట్టడం న్యాయం కాదు.

2013 జూన్ 16, 17 తేదీల వరదను మన తెలుగువాళ్లు ఎప్పటికీ మరిచిపోరు. కేదార్‌నాథ్, బదరీనాథ్ దారుల్లో మనవాళ్లు ఎంతమంది చిక్కుకున్నారో, ఎన్ని ఇళ్లలో రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నారో అందరికీ గుర్తే. అదే వరదలో హేమకుండ్ దారి కూడా కొట్టుకుపోయింది. భ్యూండార్ లోయలో ఏరు పొంగి భ్యూండార్ ఊరిని ముంచింది. గోవింద్‌ఘాట్ దగ్గర వంతెన, నిలిపి ఉంచిన బళ్లు నదిపాలయ్యాయి. పైన ఉండిపోయిన యాత్రికులను హెలికాప్టర్లలో దించాల్సి వచ్చింది. 2025 మార్చిలో మళ్లీ గోవింద్‌ఘాట్ దగ్గర కొండ విరిగిపడి వంతెన కూలింది. యాత్ర మొదలయ్యేలోపు బెయిలీ వంతెన వేసి దారి నిలబెట్టారు. ఏటా వసంతంలో పైన దారి మీద పేరుకున్న మంచును మన సైనికులే తవ్వి తొలగిస్తారు. ఇంతమంది శ్రమపడి తెరిచే దారి అది. దాన్ని రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం లాగా ఎప్పుడంటే అప్పుడు ఉండేదనుకోకూడదు.

అయితే ఎలా వేసుకోవాలి? నేను అడిగినవాళ్లకు కాగితం మీద రాసిచ్చే వరస ఇది. రిషీకేశ్ నుంచి మొదటి రోజు జోషీమఠ్ చేరి అక్కడే పడుకోండి. రెండో రోజు ముందు బదరీనాథ్ వెళ్లండి, చివరికి పెట్టుకోకండి. బదరీనాథ్ 10,000 అడుగులు దాటి ఉంటుంది, బండి గుడి దగ్గర దాకా పోతుంది. స్వామి దర్శనం చేసుకుని ఆ రాత్రి అక్కడే ఉండి, మర్నాడు మెల్లగా మాణా ఊరి దాకా నడిచి, గోవింద్‌ఘాట్ దిగి అక్కడ పడుకోండి. ఎత్తు మీద ఒక రాత్రి గడిపి కిందికి దిగిన ఒంటికి తర్వాతి ఎక్కుడు కొంత తేలికవుతుంది. పైగా ఎవరికి ఎత్తు పడటం లేదో బండి దగ్గరున్న చోటే తెలిసిపోతుంది. నాలుగో రోజు ఘాంఘ్రియా. అయిదో రోజు హేమకుండ్ ఎక్కకండి. పక్కనే ఉన్న పూలలోయకు వెళ్లి సాయంత్రానికి ఘాంఘ్రియాకే వచ్చి పడుకోండి. ఆరో రోజు హేమకుండ్. ఏడో రోజు దిగడం. దీని తర్వాత రెండు రోజులు ఏమీ రాయకుండా ఖాళీగా వదలండి. రైలు ఆ ఖాళీ తర్వాత.

హేమకుండ్‌లో రాత్రి ఉండనివ్వరు, మధ్యాహ్నం దాటకముందే దిగడం మొదలుపెట్టాలి. అందుకే ఘాంఘ్రియాలో రెండు రాత్రులు గడిచాక ఎక్కడం మేలు. చివరి దారిలో వెయ్యికి పైగా రాతి మెట్లున్నాయి, వాటిని పక్కన పెట్టి వంకర్ల దారిలో ఎక్కేవాళ్లూ ఉన్నారు. ఏదైనా సరే, పక్కవాడితో మాట్లాడుతూ నడవగలిగినంత మెల్లగా నడవాలి. మాట ఆగిపోతోందంటే నడక ఎక్కువైందన్నమాట.

పూలలోయను నేను ఊరికే మధ్యలో పెట్టలేదు. అది 11,000, 12,000 అడుగుల మధ్య ఉంటుంది. అక్కడ నాలుగైదు గంటలు తిరిగి కిందికొచ్చి పడుకోవడం ఒంటికి మంచి సాధన. ఆ లోయ 1982లో జాతీయ వనమైంది, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. బయటి ప్రపంచానికి దాని పేరు తెలియడానికి కారణం ఫ్రాంక్ స్మైత్ అనే పర్వతారోహకుడు. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ, చెడ్డ వాతావరణంలో భ్యూండార్ కనుమ దాటి ఆయన బృందం ఆ పూల మధ్యకు దిగింది. 1939లో పూలు సేకరించడానికి వచ్చిన జోన్ మార్గరెట్ లెగ్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడి వాలు మీద జారిపడి చనిపోయింది. ఆమె సమాధి ఇప్పటికీ లోయలో ఉంది. లోయలో రాత్రి ఉండకూడదు, మధ్యాహ్నం తర్వాత లోపలికి పంపరు, సాయంత్రంలోగా బయటికి రావాలి. ఈ నియమాలు మన మంచికీ ఆ పూల మంచికీ కూడా. జూలై, ఆగస్టులలో పూలు విరగబూస్తాయి, కొండచరియలు కూడా అప్పుడే విరుగుతాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు సెప్టెంబర్ రెండో సగం మేలని నా సలహా. వాన తగ్గుతుంది, శిఖరాలు కనిపిస్తాయి, హేమకుండ్ దగ్గర బ్రహ్మకమలాలు ఇంకా దొరకొచ్చు. దొరుకుతాయంటే చూడటానికి మాత్రమే, తెంపడానికి కాదు.

ఇన్ని రోజులు ఎక్కడివి, ఇంత డబ్బెక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చిన్న దుకాణం వాళ్లకు, మిషన్ కుట్టేవాళ్లకు, రోజు కూలీకి పనిచేసేవాళ్లకు అయిదు రోజులు ఎక్కువంటే చిన్న సంగతి కాదు. నా జవాబు ఒకటే. రోజులు లేకపోతే చోట్లు తగ్గించుకోండి, రాత్రులు తగ్గించకండి. ఈసారి బదరీనాథ్ చాలనుకోండి, హేమకుండ్ వచ్చే ఏడాది వెళ్లండి. దారిలో గురుద్వారాలు బస, భోజనం ఇస్తాయి కాబట్టి ఖాళీ రోజు ఖర్చు మనం భయపడేంత ఉండదు. రైలు టికెట్ల విషయానికొస్తే, 2024 నవంబర్ నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. అంటే టికెట్లు కొనేముందు తిరుగు ప్రయాణం గురించి నిదానంగా కూర్చుని లెక్క వేసుకునే వ్యవధి దొరికింది. ఖాళీ రోజులు కలిపిన తేదీకి టికెట్ కొనండి. త్వరగా దిగివస్తే హరిద్వార్‌లో గంగ ఒడ్డున రెండు రోజులు ఉండండి. ఆ రెండు రోజులు ఎవరికీ బరువు కావు.

సాధన కూడా మన జిల్లాలోనే చేయొచ్చు. మా మాహూర్ కొండలున్నాయి కదా. రేణుకాదేవి గుడి మెట్లు, దత్తశిఖరం దారి, రామ్‌గడ్ కోట, వారానికొకసారి బస్సెక్కి వెళ్లి వీపున నాలుగు కిలోల సంచి వేసుకుని ఎక్కిదిగితే రెండు నెలల్లో మోకాళ్లు మాట వింటాయి. మిగిలిన రోజుల్లో పొద్దున్నే గోదావరి ఘాట్ వెంట గంటసేపు నడవండి. పక్క జిల్లా నిజామాబాద్‌లో పాకాల అనే ఊరి గిరిజన పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ ఆమెతో ఉన్నాడు. వాళ్లు నేరుగా ఎవరెస్టుకు పోలేదు. భువనగిరి రాతిగుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో నెలల తరబడి శిక్షణ తీసుకున్నాక వెళ్లారు. మన నేల మీది పిల్లలు కొండను ఎంత మర్యాదగా, ఎంత ఓపికగా సమీపించారో చూసి నేర్చుకోవలసింది పెద్దవాళ్లమైన మనమే.

ప్రతి బృందం బయల్దేరేముందు నాందేడ్‌లోనే కూర్చుని కొన్ని మాటలు కాగితం మీద రాసుకోవాలి. ఎవరికి తలనొప్పి వచ్చినా దాచకూడదు. తలనొప్పితో ఎవరూ పైకెక్కకూడదు. ఒకరు దిగితే వాళ్లతో ఇంకొకరు దిగాలి, ఆ ఇంకొకరు ఎవరో ఇక్కడే పేరుతో రాసుకోవాలి. మధ్యాహ్నం ఎన్ని గంటలకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలో ముందే ఖాయం చేసుకోవాలి. ఫొటోల కోసం నదిలోకి దిగకూడదు. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన డ్యామ్ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయిన సంగతి మన పిల్లలందరికీ చెప్పాలి. పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు కొని ఒక్క రోజు వాడి దారిలో పారేయడం మానాలి. ఆ చెత్తను భ్యూండార్ లోయ జనం వీపుల మీద మోసి దించుతున్నారు. ఇవి ఇక్కడ రాసుకుంటేనే అక్కడ చెల్లుతాయి. 10,000 అడుగుల ఎత్తున, తెల్లవారుజామున, చలిలో ఎవరి బుద్ధీ నిలకడగా ఉండదు.

ఈ మాటలు ఇప్పుడే చెప్పడానికి ఇంకో కారణం ఉంది. గోవింద్‌ఘాట్ నుంచి హేమకుండ్‌కు 12.4 కిలోమీటర్ల రోప్‌వే వేయడానికి 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఖర్చు 2,730 కోట్ల రూపాయలకు పైమాటే. నడవలేని వృద్ధులకు, వికలాంగులకు అది దర్శనభాగ్యం కలిగిస్తుంది, అందుకు నేను సంతోషిస్తాను. కానీ నడిచి వెళ్లేవాళ్లకు ఘాంఘ్రియాలో కనీసం ఒక రాత్రి ఆగక తప్పదు. ఆ రాత్రే వాళ్ల ఒంటికి కొంత వ్యవధి ఇస్తుంది. రోప్‌వే వచ్చాక 6,000 అడుగుల మీద పొద్దున అల్పాహారం తిన్న 70 ఏళ్ల మనిషి ఆ పూటే 15,000 అడుగుల దగ్గర దిగుతాడు. కాళ్ల శ్రమ తగ్గుతుంది, గుండెకూ ఊపిరితిత్తులకూ శ్రమ తగ్గదు. అప్పుడు మనం పాటించే ఖాళీ రోజులే మనకు రక్ష.

అమర్‌నాథ్ యాత్రకు ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. 13 ఏళ్ల లోపు, 70 ఏళ్లు దాటినవాళ్లను అనుమతించరు. కైలాస మానససరోవరానికి ఢిల్లీలో వైద్యపరీక్షలు చేసి, లిపూలేఖ్ దారిలో గుంజీ దగ్గర మళ్లీ చేస్తారు. హేమకుండ్‌కు రిజిస్ట్రేషన్ చేసుకుని బయల్దేరే మా ఊరివాళ్లు కూడా అలాంటి జాగ్రత్తను మా ఊళ్లోనే మొదలుపెట్టుకోవచ్చు. నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏటా ఏప్రిల్‌లో ఒక ఆదివారం గురుద్వారా పెద్దలు, తెలుగు సంఘాల వాళ్లు, మెడికల్ కాలేజీ డాక్టర్లు కలిసి ఒక శిబిరం పెట్టాలి. బీపీ, షుగర్, ఈసీజీ చూడాలి. ఎత్తు జబ్బు గుర్తులను మరాఠీ, పంజాబీ, హిందీలతో పాటు తెలుగులో కూడా ఒక్క పేజీలో అచ్చువేసి ఇవ్వాలి. టూర్లు నడిపేవాళ్లు తమ కరపత్రంలో ఖాళీ రోజులను దాచకుండా పెద్దక్షరాలతో వేయాలి, వాటికి డబ్బు అడగాలి, జనం ఇవ్వాలి. ఖాళీ రోజు లేని టూరు చవకగా ఉందని ఎవరైనా చెబితే ఆ చవకదనం ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి.

వచ్చే సీజన్‌కు కాగితం ముందేసుకుని కూర్చునే కుటుంబాలకు నేను చెప్పేది ఇదే. మొదటి వరసలో మీ ఇంట్లో అందరికన్నా బలహీనమైన మనిషి పేరు రాయండి. అమ్మ కావచ్చు, షుగర్ ఉన్న బాబాయి కావచ్చు. ఆ మనిషి ఏ వేగంతో ఎక్కగలరో అదే మీ అందరి వేగం. ఆ వేగానికి ఎన్ని రాత్రులు కావాలో రాయండి, దాని కింద రెండు రోజులు వదలండి. ఆ లెక్క తేలాక వచ్చే తేదీకి రైలు టికెట్ కొనండి. ఆ తేదీ మీ సెలవులకు సరిపోకపోతే ఈ ఏడాది ప్రయాణం మానుకోండి. హేమకుండ్ ఏటా మే చివర తెరుచుకుంటుంది, వచ్చే ఏడాది కూడా తెరుచుకుంటుంది.